ఎవరూ అరవని వీధి

ఆమె పన్నెండో నంబరు బస్సును పంతొమ్మిదేళ్ళు నడిపింది. అన్నేళ్ళలో ఒక్క ప్రమాదం లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. డిపోలో ఆమెను డ్రైవరమ్మ అనేవారు. అక్కడ అందరూ డ్రైవర్లే అయినా ఆ పేరు ఆమె ఒక్కదానికే అతుక్కుపోయింది.

ఒక్క సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. అప్పుడప్పుడు ఆఖరి స్టాపులో బ్రేకు లాగాక చూసుకుంటే, మధ్యలో ఆరేడు స్టాపులు ఎలా గడిచాయో గుర్తుండేది కాదు. ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు. ఎర్ర దీపం దగ్గర బస్సు ఆగింది, పచ్చ దీపానికి కదిలింది. చేతులూ కాళ్ళూ వాటి పని అవి చూసుకున్నాయి. ఆమె మాత్రం ఎక్కడో తెల్లగా, మెత్తగా ఉన్న చోట, నీళ్ళ అడుగున కూర్చుని వచ్చినట్టు ఉండేది. అక్కడ చప్పుళ్ళు దూరంగా వినిపించేవి. అక్కడ ఆమెకు ఏ బాధా ఉండేది కాదు. అందుకే అది జబ్బని ఆమెకెప్పుడూ తోచలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం వాన పడుతోంది. బస్సు నిండా తడి కోట్ల వాసన. వెనక సీట్లో ఒకాయన కొడుకుతో మాట్లాడుతున్నాడు. పిల్లవాడు గొడుగు ఎక్కడో మరిచిపోయినట్టున్నాడు. ఆయన అరవలేదు. గొంతు తగ్గించి, "ఇంటికి పద, నీ సంగతి చెప్తా" అన్నాడు, అంతే. ఆ మాట బస్సు పొడవునా నడిచివచ్చి ఆమె మెడ మీద చెయ్యి వేసింది.

ఆమె తర్వాతి స్టాపులో బస్సు ఆపింది. ఇంజను కట్టేసింది. తలుపులు మాత్రం తీయలేదు.

ముప్ఫై అయిదు నిమిషాలు. జనం మొదట గొణిగారు, తర్వాత అరిచారు, తర్వాత అద్దాలు బాదారు. ఆమె స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, అద్దం మీద జారే నీటిబొట్లను చూస్తూ కూర్చుంది. చివరికి డిపో సూపర్‌వైజరు వచ్చి, బయటి మీట నొక్కి తలుపులు తెరిచాడు. జనమంతా దిగిపోయాక ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏమైందమ్మా?"

"ఇంకా నిద్రపోలేదు. తలుపు తీయకూడదు" అంది ఆమె.

"ఎవరు నిద్రపోలేదు?"

ఎవరో ఆమెకే తెలియదు. ఆయన పంతొమ్మిదేళ్ళుగా ఆమెను ఎరిగినవాడు. మరో మాట అడగకుండా ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

తల స్కాను చేశారు, రక్తం తీశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఆఖర్న ఒక ముసలి డాక్టరు కాగితాలన్నీ పక్కన పెట్టి, "చిన్నప్పుడు మీ ఇంట్లో ఎలా ఉండేదమ్మా?" అని అడిగాడు.

"మామూలుగానే" అంది ఆమె. అంటూండగానే ఆమె కుడి మోకాలు వణకడం మొదలుపెట్టింది. ఆమె చేత్తో అదిమిపెట్టినా ఆగలేదు. డాక్టరు ఆ మోకాలినే కాసేపు చూసి, ఒక ఉత్తరం రాసిచ్చాడు.

ఆ ఉత్తరంతో ఆమె అయిదు నెలలు ఎదురుచూసి, ఒక వార్డులో చేరింది. చిన్నతనంలో ఏళ్ళ తరబడి దెబ్బలు తినో, భయపడుతూనో పెద్దవాళ్ళైనవాళ్ళు పన్నెండు వారాలు అక్కడే ఉండి, ఎక్కువగా మాటలతో వైద్యం చేయించుకునే వార్డు అది. పెద్ద ఆసుపత్రి వెనక, మూడో అంతస్తు. కింద లాండ్రీ. దాని గొట్టంలోంచి ఆవిరి రోజంతా కిటికీల ముందు నుంచి తేలిపోతుండేది. పొద్దున లేచేసరికి వార్డంతా మబ్బులో కదులుతున్నట్టు ఉండేది. తలుపులకు తాళాలు లేవు. గోడ మీద టైమ్‌టేబుల్ అంటించి ఉండేది. ఎనిమిదికి ఫలహారం, తొమ్మిదిన్నరకు అందరూ కలిసి మాట్లాడుకోవడం, పదకొండుకు బొమ్మలు వేసే గది లేదా వ్యాయామం. వారానికి మూడుసార్లు ఒంటరిగా సైకాలజిస్టు దగ్గర. సాయంత్రం వంటింట్లో ఇద్దరిద్దరు వంతులవారీగా కూరగాయలు తరగాలి. టైమ్‌టేబుల్ చూశాక ఆమెకు ప్రాణం కాస్త కుదుటపడింది. డిపో మనిషి కదా.

ఆమె గదిలో రెండో మంచం ఒక దర్జీ ఆవిడది. అరవై దాటిన మనిషి. వార్డులో అందరూ పెద్దమ్మ అనేవారు. మొదటి రోజే ఆవిడ డ్రైవరమ్మ కోటు తీసుకుని, ఊడిపోబోతున్న బొత్తాం కుట్టి ఇచ్చింది.

"అరవై ఏళ్ళొచ్చాక చిన్నప్పటి గొడవేంటమ్మా అన్నాడు నా కొడుకు" అంది పెద్దమ్మ, దారం పంటితో కొరుకుతూ. "మనకి వయసొస్తుంది గానీ దానికి రాదు కదరా నాయనా, అది అక్కడే లంగా జాకెట్టు వేసుకుని నిలబడుంది అన్నాను. వాడికేం అర్థమైందో, ఫోన్ పెట్టేశాడు."

డ్రైవరమ్మకు నవ్వొచ్చింది. నవ్వి చాలా కాలమైందనుకుంది.

సైకాలజిస్టు ఆమె కంటే పదేళ్ళు చిన్నది. డ్రైవరమ్మ ఆమెను డాక్టరుగారూ అని పిలిచేది.

"నేను డాక్టర్ని కాదండీ. మందులు రాయను" అని ఆమె రెండుసార్లు చెప్పింది.

"మందు రాయకపోతే మరీ మంచి డాక్టరు" అంది డ్రైవరమ్మ. ఆ తర్వాత ఆమె దిద్దడం మానేసింది.

గతమంతా తవ్విపోస్తారనుకుని డ్రైవరమ్మ భయపడుతూ వచ్చింది. నాలుగు వారాలు అసలు దాని జోలికే పోలేదు. ముందు ఇక్కడ ఉండటం నేర్చుకోవాలంది సైకాలజిస్టు. ఆమె చూపు తెల్లటి చోటికి జారిపోతున్నప్పుడల్లా నెమ్మదిగా అడిగేది. "మీ పాదాల కింద ఏముంది? మీ వయసెంత? గదిలో నీలం రంగువి మూడు చెప్పండి." జారిపోకుండా పట్టుకోవడానికి ఒక వాసన ఎంచుకోమంది. ఒకరు నిమ్మతొక్క ఎంచుకున్నారు, పెద్దమ్మ గంజిపొడి ఎంచుకుంది. డ్రైవరమ్మ తన పాత తోలు చేతితొడుగు తెచ్చుకుంది. డీజిలు, చెమట, తోలు. అది ముక్కు దగ్గర పెట్టుకుంటే తన వయసు నలభై మూడు అని నమ్మకంగా చెప్పగలిగేది.

అయిదో వారంలో ఆమె తండ్రి గురించి మొదటిసారి చెప్పింది.

ఆయన మంగలి. బజారులో ఆయన దుకాణం ఎప్పుడూ నవ్వులతో నిండి ఉండేది. ఆయన చేతి క్షవరం, ఆయన నోటి కబుర్లు ఊళ్ళో పేరు పడ్డాయి. వీధిలో పిల్లి, ఇంట్లో పులి అని ఎవరి గురించో అంటుంటే ఆమె చిన్నప్పుడు ఉలిక్కిపడి, వీళ్ళకెలా తెలిసిందనుకునేది. ఎవరికీ తెలియదు. తల్లి శీతల గిడ్డంగిలో సాయంత్రపు షిఫ్టు చేసేది. ఆయన దుకాణం కట్టేసి ఇంటికొచ్చేసరికి ఇంట్లో పిల్లలిద్దరే ఉండేవారు. కత్తెరల సంచీ బల్ల మీద పెట్టే చప్పుడును బట్టి ఆ సాయంత్రం ఎలా ఉండబోతోందో ఆమె చెప్పగలిగేది. మెల్లగా పెడితే ఫరవాలేదు. మరీ మెల్లగా పెడితే, కత్తి సానబట్టే తోలు పట్టీ గోడ మీంచి దిగేది.

"అప్పుడేం చేసేవారు?"

"తమ్ముణ్ణి కోట్ల బీరువాలో పెట్టేదాన్ని. తలుపేసి తాళం తిప్పేసేదాన్ని. నాన్న తాగి నిద్రపోయాక తీసేదాన్ని."

చెప్పాక ఆమె ఆగిపోయింది. ఇంకా నిద్రపోలేదు, తలుపు తీయకూడదు. ఆ మధ్యాహ్నం బస్సులో తానన్న మాట ఎవరి గురించో అప్పుడు తెలిసింది. ఆమె చేతితొడుగును రెండు చేతులతో పట్టుకుంది. కిటికీలోంచి ఆవిరి తేలిపోతోంది.

"ఒకరోజు" అంది డ్రైవరమ్మ చాలాసేపటికి, "ఆయన నిద్రపోలేదు. కుర్చీ తెచ్చి బీరువాకు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. కావాలని కాదు, ఊరికే అక్కడ కూర్చున్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. రెండు గంటలో, మూడో. నాకు పదకొండు, వాడికి ఆరు. ఆయన లేచి వెళ్ళాక తలుపు తీస్తే వాడు కోట్ల మధ్య వాలిపోయి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. మొహం మీద నీళ్ళు కొడితే కళ్ళు తెరిచాడు. నాన్న చెయ్యని పని నేను చెయ్యబోయాను డాక్టరుగారూ. తమ్ముణ్ణి చంపబోయాను."

ముప్ఫై రెండేళ్ళలో ఆమె ఆ మాట పైకి అనడం అదే మొదలు.

తర్వాతి వారం సైకాలజిస్టు ఒక పద్ధతి చెప్పింది. కళ్ళు మూసుకుని ఆ ఇంటికి వెళ్ళాలి. అయితే పదకొండేళ్ళ పిల్లగా కాదు. ఇప్పటి మనిషిగా.

"ఎలా వెళ్తారు?"

"ఎలాగేమిటి, బస్సులోనే."

ఆమె కళ్ళు మూసుకుంది. ఖాళీ బస్సు తడి రోడ్ల మీద చప్పుడు లేకుండా సాగింది. దీపస్తంభాలు నీళ్ళలో మొక్కల్లా ఊగాయి. బజారు దాటింది. తండ్రి దుకాణం దాటింది. దాని అద్దంలో ఎవరి మొహమో సబ్బు నురగతో తెల్లగా ఉంది. బస్సు ఆ సన్న సందులో పట్టదు. కానీ పట్టింది, గోడలు మర్యాదగా పక్కకు జరిగినట్టు. ఇంటి ముందు ఆపింది. వంటింటి దీపం వెలుగుతోంది.

"ఇప్పుడు?"

"దిగలేను."

"దిగనక్కర్లేదు. అక్కడిదాకా వెళ్ళారు కదా."

"కాళ్ళు లేవండీ నాకు" అంది ఆమె, కళ్ళు మూసుకునే. చెంపలు తడిశాయి.

ఆ రోజు సాయంత్రం వంటింట్లో క్యారెట్లు తరుగుతూ ఆమె చేతిలోని పళ్ళెం నేలకేసి కొట్టింది. ఎందుకో ఆమెకే తెలియలేదు. పెద్దమ్మ వంగి ముక్కలు ఏరుతూ, "పోనీలే, ఆ పళ్ళెం నాకూ నచ్చలేదు" అంది.

ఎనిమిదో వారంలో తమ్ముణ్ణి పిలుద్దామా అని సైకాలజిస్టు అడిగింది. వాళ్ళిద్దరూ ఏడాదికి ఒకసారో రెండుసార్లో ఫోన్‌లో మాట్లాడుకునేవారు. వాతావరణం గురించి, తల్లి మోకాళ్ళ నొప్పుల గురించి. పదేళ్ళ కిందట తండ్రి పోయినప్పుడు పక్కపక్కన నిలబడి, వచ్చినవాళ్ళంతా ఆయన్ని పొగుడుతుంటే తలలూపారు. ఆ తర్వాత ఒకే గదిలో కూర్చున్నది లేదు.

అతను వచ్చాడు. ఫ్రిజ్‌లు రిపేరు చేసే మనిషి. భుజాన పనిముట్ల సంచీతోనే, నేరుగా ఎవరింటి నుంచో వచ్చాడు. పెద్ద ఆకారం. గదిలో కూర్చోకముందే, "తలుపు తీసి ఉంచొచ్చా?" అని అడిగాడు.

ఆ మాటకు డ్రైవరమ్మ మొహం పాలిపోయింది.

"నా వల్లే కదరా" అంది.

"ఏంటి?"

"తలుపు. నీకు తలుపు పడకపోవడం. ఆ రోజు నేను..." ఆమె మొత్తం చెప్పింది. కుర్చీ, రెండు మూడు గంటలు, నీలం పెదాలు. చెబుతున్నంతసేపూ నేల కేసి చూసింది.

తమ్ముడు వినేసి తల గోక్కున్నాడు. "నాకది గుర్తులేదక్కా. స్పృహ తప్పానేమో, నిద్రపోయానేమో. తలుపులు పడవు, అది నిజమే. మా ఇంట్లో బాత్రూంకి కూడా పరదానే. నీ మరదలు పెళ్ళైన కొత్తలో ఇది ఇల్లా, నాటకాల కంపెనీనా అని అడిగింది." నవ్వబోయి మానేశాడు. "కానీ నాకు ఆ బీరువా అంటే గుర్తొచ్చేది అది కాదు. స్టాపులు."

"స్టాపులేంటి?"

"నువ్వు చెప్పేదానివిగా! తాళం కన్నంలోంచి. గుసగుసగా. నాన్న పెరట్లోకెళ్ళినప్పుడు, మొహం కడుక్కునేటప్పుడు, సందు దొరికినప్పుడల్లా. ఇది బస్సు, గట్టిగా పట్టుకో అనేదానివి. తర్వాతి స్టాపు నిద్రపోయే చేపల వంతెన. తర్వాతి స్టాపు మబ్బుల మిల్లు. ఏనుగుల ఇస్త్రీ కొట్టు. అక్కడ ఏనుగు చొక్కాలు ఇస్త్రీ చెయ్యడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టమనేదానివి. తర్వాత..." అతను సంచీని ఒళ్ళోకి లాక్కున్నాడు. "తర్వాత ఎవరూ అరవని వీధి. అక్కడ బస్సు చాలాసేపు ఆగేది. దిగి చూసి రమ్మనేదానివి. నేను కోట్ల మధ్య కళ్ళు మూసుకుని దిగేవాణ్ణి. నిజంగా దిగేవాణ్ణక్కా."

డ్రైవరమ్మ అతని వైపు అయోమయంగా చూసింది. ఆమెకు ఒక్క స్టాపూ గుర్తులేదు. ముప్ఫై రెండేళ్ళుగా తాళం తిప్పిన చప్పుడు ఒక్కటే గుర్తుంది. అదే తాళపు కన్నంలోంచి తాను చెప్పినవన్నీ తమ్ముడి దగ్గర భద్రంగా ఉన్నాయి.

"నేనా?" అంది.

"నువ్వు కాకపోతే పక్కింటావిడా? అందుకే బస్సు డ్రైవరయ్యావనుకున్నా ఇన్నాళ్ళూ."

"ఇంటి నుంచి దూరంగా పోవచ్చని అయ్యాన్రా."

తమ్ముడు సంచీ తాడును వేళ్ళకు చుట్టుకుని విప్పుతూ కూర్చున్నాడు. తర్వాత, "నాకు కోపం ఉంది" అన్నాడు. "దాని మీద కాదు. నువ్వు పంతొమ్మిదేళ్ళకి శిక్షణ అని వెళ్ళిపోయావు. నాకు పధ్నాలుగు. బీరువాలో పట్టే వయసు కాదు. నువ్వెళ్ళాక ఆ పట్టీ మొత్తం నాకే. ఒక్కసారి కూడా రాలేదు. ఉత్తరం రాశావు, అందులో కూడా వాతావరణమే."

"పారిపోయాన్రా" అంది ఆమె.

"అవును, పారిపోయావు. పారిపోవాల్సిందే, లేకపోతే చచ్చేదానివి. నన్ను వదిలేశావు కూడా. రెండూ నిజమే, ఏం చెయ్యను?"

ఆమె క్షమించమని అడగబోయింది. అతను చెయ్యెత్తి ఆపాడు. "ఇవాళ వద్దక్కా. ఇవాళ అడిగితే సరే అనేస్తాను. నిజంగా సరే అయ్యాక అడుగు."

వెళ్ళేటప్పుడు వరండా చివరిదాకా ఆమెతో నడిచాడు. వంటింటి ఫ్రిజ్ గరగరలాడుతుంటే ఆగి విన్నాడు. దాన్ని గోడ నుంచి రెండంగుళాలు ముందుకు లాగి, "ఊపిరాడటం లేదు దీనికి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

పదో వారంలో ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది.

ఈసారి వాన లేదు. బస్సు ఆగింది, ఆమె దిగింది. తలుపు గడియ ఆమె నడుము ఎత్తులోనే ఉంది. ఎప్పుడూ భుజం పైన ఉండేదని గుర్తు. లోపల తండ్రి బీరువాకు ఎదురుగా కుర్చీలో కూర్చుని కత్తెర తుడుచుకుంటున్నాడు. సన్నటి మనిషి. మెడ వెనక సరిగా కత్తిరించుకోని వెంట్రుకలు. ఆయన వయసు ముప్ఫై అయిదుంటుంది. ఆమె ఆయన కంటే ఎనిమిదేళ్ళు పెద్దది.

"ఏమంటారు ఆయనతో?" సైకాలజిస్టు గొంతు ఎక్కడో నీటి పైనుంచి వచ్చింది.

ఆమె చాలా మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది. ఒక్కటీ అవసరం రాలేదు. "లే" అంది. ఆయన లేచి పక్కకు జరిగాడు. ఆమె తాళం తిప్పింది. కోట్ల మధ్య నుంచి ఆరేళ్ళ పిల్లవాడు, "వచ్చేసిందా స్టాపు?" అన్నాడు, నిద్రకళ్ళతో. ఆమె వాణ్ణి ఎత్తుకుంది. వెచ్చగా, బరువుగా ఉన్నాడు. తిరిగి గుమ్మం వైపు నడవబోతూ ఆగిపోయింది.

గోడకు ఆనుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. చేతులు వెనక్కి పెట్టుకుని, కదలకుండా, ఊపిరి కూడా చప్పుడు కానివ్వకుండా. ఆ పిల్లను ఆమె ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. బీరువాకు కాపలా ఉండటంలో, కాపలా ఉన్నదెవరో మరిచిపోయింది.

"డాక్టరుగారూ" అంది, కళ్ళు మూసుకునే. "దీన్నెవరు దాచారండీ?"

"ఎవరూ దాచలేదండీ. ఇప్పుడు మీరున్నారు" అంది సైకాలజిస్టు.

ఆ పిల్ల పిలిస్తే రాలేదు. చెయ్యి చాస్తే వెనక్కి తగ్గింది. పెద్దవాళ్ళ చెయ్యి ఎందుకు పైకి లేస్తుందో దానికి తెలుసు. డ్రైవరమ్మ నేల మీద చతికిలబడి, తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ఎదురుచూసింది. బస్సు బయట ఇంజను ఆపకుండా ఉంది. సమయానికి వెళ్ళాల్సిన పని లేదు. ఎంతసేపో తెలియదు. చివరికి ఆ పిల్లే వచ్చి ఆమె కోటు బొత్తాం పట్టుకుంది. ముగ్గురూ బస్సెక్కారు. పిల్ల వెనక సీటు దాకా నడిచి, చెప్పులు విప్పి, ముడుచుకుని పడుకుంది.

డ్రైవరమ్మ కళ్ళు తెరిచేసరికి గదిలో మధ్యాహ్నపు ఎండ ఉంది. ఆమె ఏడ్చింది. వార్డుకొచ్చాక ఏడవడం మొదటిసారేమీ కాదు. ఈసారి మాత్రం ఎవరి కోసం ఏడుస్తోందో తెలుసు.

అంతటితో అన్నీ సర్దుకుపోయాయని కాదు. ఆ మర్నాటి నుంచి నాలుగు రోజులు ఒళ్ళంతా జ్వరం వచ్చినట్టు కాలింది. పన్నెండో వారంలో ఇల్లు చేరిన తర్వాత కూడా కొన్ని మధ్యాహ్నాలు ఆ తెల్లటి చోటు వచ్చి పిలిచేది. కొన్నిసార్లు ఆమె వెళ్ళేది కూడా. తిరిగొచ్చే దారి తెలిసింది, అంతే తేడా. ఆమె కంటే ముందే ఇంటికి పోయిన పెద్దమ్మ వారం వారం ఫోన్ చేసి, "బతికున్నావా? నేనూ బతికే ఉన్నా. సరే, పెట్టేస్తున్నా" అనేది. ఆ రెండు ముక్కల కోసం ఇద్దరూ ఎదురుచూసేవారు.

డిపోలో ఆమెకు ఆర్నెల్లు టైమ్‌టేబుళ్ళ గదిలో పని ఇచ్చారు. సూపర్‌వైజరు ఒకరోజు బస్సు తాళాలు బల్ల మీద పెట్టి, "తొందరేం లేదు" అన్నాడు. ఆమె ఇంకో రెండు నెలలు ఆగి, తీసుకుంది.

ఆ ఏడాది చివర్న ఒక ఆదివారం తమ్ముడు భోజనానికి పిలిచాడు. అతని ఇంటికి ఆమె రావడం అదే మొదటిసారి. హాల్లో విప్పదీసిన ఫ్రిజ్ ఒకటి, నేలంతా మరలు. మరదలు వాటి మధ్య నుంచి గిన్నెలు పట్టుకుని అలవాటుగా దాటుకుంటూ తిరుగుతోంది. తిన్నాక డ్రైవరమ్మ గిన్నెలు కడుగుతానని లేవబోతే, "కూర్చో వదినా, ఇల్లు చూశావుగా, ఇంకో మనిషి నిలబడితే ట్రాఫిక్ జామే" అంది మరదలు.

కూర్చుంది. సోఫా మెత్తగా ఉంది. తమ్ముడు నేల మీద కూర్చుని ఏదో గొట్టానికి మర బిగిస్తున్నాడు. రేడియోలో ఎవరో నెమ్మదిగా మాట్లాడుతున్నారు. ఎండ గోడ మీంచి కుర్చీ మీదికి, కుర్చీ మీంచి ఆమె పాదాల మీదికి దిగింది.

"వదినకి దుప్పటి కప్పనా? లేపనా?" మరదలి గొంతు ఎక్కడో వినిపించింది.

"ఎందుకు లేపడం? ఎక్కడికీ వెళ్ళేది లేదుగా" అన్నాడు తమ్ముడు.

అయినా ఆమె ఒక కన్ను తెరిచి, "ఒరేయ్, అడగమన్నావుగా. ఇప్పుడు అడగనా?" అంది.

తమ్ముడు మర బిగించడం ఆపి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"ఇంకొంచెం ఆగు. పడుకో" అన్నాడు.

ఆమె పక్కకు తిరిగి పడుకుంది. మరదలు కాళ్ళ మీద దుప్పటి కప్పింది.